రోజూ ఉరికే నాకు లేహ్‌లో నిద్ర లేదు, బీడీలు తాగే మామ మాత్రం గురక పెట్టాడు. ఎందుకు?

పానగల్_రన్నర్ (నల్లగొండ)

అందరికీ నమస్తే. పోస్టు పెద్దది, ఓపికుంటే చదవండి. నాకు 29 ఏళ్లు. నాలుగేళ్ల నుంచి తెల్లవారకముందే లేచి ఉదయసముద్రం కట్ట మీద ఉరుకుతున్నా, ఆదివారం లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు రెండుసార్లు ఎక్కి దిగుతా. 10 కిలోమీటర్లు 48 నిమిషాల్లో అయిపోతుంది. సిగరెట్ లేదు, మందు లేదు. గొప్పకు చెప్పడం లేదు, ఇది చెప్పకపోతే నా ప్రశ్న అర్థం కాదు.

పోయిన జూన్‌లో ఐదుగురం కలిసి లద్దాఖ్‌లోని లేహ్ పోయాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి విమానంలో నేరుగా లేహ్. ఆ ఐదుగురిలో మా మేనమామ కూడా ఉన్నాడు. ఆయనకు 53, ఎరువుల దుకాణం, రోజుకో కట్ట బీడీలు, గల్లా దగ్గర నుంచి లేచి తలుపు దాకా రావడమే ఆయనకు వ్యాయామం. ఈయన్ని అక్కడ మోసుకుని తిరగాల్సి వస్తుందేమో అని మేం నలుగురం ముందే మాట్లాడుకున్నాం. తీరా చూస్తే మోసుకోవాల్సి వచ్చింది నన్ను.

పొద్దున ఏడున్నరకు దిగాం. ట్రిప్పు మాట్లాడిన ఆయన "ఇవాళ రెస్ట్ తీసుకోండి" అన్నాడు, అదే నోటితో "సాయంత్రం శాంతి స్తూపం చూసి రండి, దగ్గరే" అన్నాడు. ఐదొందల పైచిలుకు మెట్లు. మన గుట్టే కదా అనుకుని దోస్తులకంటే ముందు ఎక్కేశా. పైన నిలబడి ఫొటో దిగేటప్పుడే చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది. రాత్రి తల పగిలిపోతోంది, అన్నం సయించలేదు. పడుకుంటే కన్ను అంటుకునే టైముకి ఎవరో ముక్కు మూసినట్టు ఉలిక్కిపడి లేచి కూర్చోవడం, మళ్లీ పడుకోవడం, మళ్లీ లేవడం. తెల్లారేదాకా ఇదే కథ. పక్క మంచం మీద దోస్తు భయపడి ఫోన్లో రికార్డు చేశాడు. వింటే నాకే ఒళ్లు జలదరించింది: నాలుగైదు సార్లు గబగబా ఊపిరి తీస్తున్నా, ఆ తర్వాత మొత్తానికి చప్పుడు లేదు, వాడు మెల్లగా పన్నెండు లెక్కపెడుతున్నాడు, అప్పుడు నేను నీళ్లలోంచి తేలినట్టు హా అని పీలుస్తున్నా. అర్ధరాత్రి ఆక్సిమీటర్ పెట్టి చూస్తే 77. అదే టైముకి అవతల గదిలో మామ గురక కారిడార్ దాకా వినిపిస్తోంది. పొద్దున ఆయన వేలికి పెడితే 91, నాకు 85.

రెండో రోజు బుర్ర పని చేయలేదు. నాలుగు చాయ్‌లు, రెండు ఆమ్లెట్లు. చాయ్ ఇరవై, ఆమ్లెట్ అరవై. ఎంతవుతుంది? నేను 260 అన్నా, తర్వాత 180 అన్నా. చాయ్ కొట్టాయన నవ్వాడు. ఫోన్‌పే పిన్ మూడుసార్లు తప్పు కొట్టా, నాలుగేళ్లుగా అదే పిన్. నాలుగో రోజు కొంచెం తేరుకుని, పరువు కోసం ఉరుకుదామని షూ కట్టా. ఇక్కడ కిలోమీటర్ ఐదు నిమిషాల్లో పోతే గుండె 155 దాటదు, అక్కడ ఏడున్నర నిమిషాలు పట్టింది, గుండె 176. రెండో కిలోమీటర్ దగ్గర ఆగిపోయి రాయి మీద కూర్చున్నా. ఎత్తులో ఉండొస్తే రక్తం పెరుగుతుంది, దిగాక గుర్రం లాగా ఉరుకుతావ్ అన్నారు, ఆరు రోజులుండి వచ్చాక అది కూడా అబద్ధమే అయింది.

ఇప్పుడు అసలు సంగతి. నిద్రలో ఊపిరి ఆగడం జబ్బా? మెదడుకు ఏమన్నా దెబ్బ మిగిలిపోతుందా? మామకు ఎందుకేమీ కాలేదు? ఇంకో మూడు నెలల్లో అమ్మను కేదార్‌నాథ్ తీసుకుపోవాలని మొక్కుంది, ఆమెకు 56. నా సంగతి చూశాక టెన్షన్ పట్టుకుంది.

—

కర్పూర_వైద్యం

బ్రో సింపుల్. కర్పూరం బిళ్ల గుడ్డలో కట్టి వాసన చూస్తూ ఉండు, రెండు వెల్లుల్లి రెబ్బలు నమిలెయ్, రాత్రికి ఒక్క పెగ్గు. మా బాబాయి వాళ్లు అమర్‌నాథ్ ఇలాగే పోయొచ్చారు. నిద్ర గ్యారంటీ.

—

పాలమూరు_పీజీ (మహబూబ్‌నగర్)

పైన కర్పూరం అన్నకు తర్వాత వస్తా. ముందు ప్రశ్న అడిగినాయనకు. నేను జనరల్ మెడిసిన్ పీజీ, ఇంకా చదువుతున్నదాన్ని, పెద్ద ఎక్స్‌పర్ట్‌ని కాదు, కానీ ఈ టాపిక్ అంటే నాకు పిచ్చి.

అన్నా, లేహ్‌లో ఆక్సిజన్ "తక్కువ శాతం" ఉండదు. మన పానగల్‌లో గాలిలో 21 శాతం ఉంటే అక్కడా 21 శాతమే, ఎవరెస్ట్ మీద కూడా అంతే. తగ్గేది ఒత్తిడి. ఇంటికొచ్చే నల్లా అనుకోండి. నీళ్లు అవే, కింద బిందె నిమిషంలో నిండుతుంది, మూడో అంతస్తులో అదే నల్లా సన్నటి దారం లాగా కారుతుంది. మన ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టేది ఆ ఒత్తిడే. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్లు, లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, అక్కడ అందులో మూడింట రెండు వంతులకు కాస్త అటూఇటూ. 5,500 మీటర్ల దగ్గర సగం. మీరు పొద్దున ఢిల్లీలో ఉన్నారు, ఏడున్నరకల్లా మూడో అంతస్తులో ఉన్నారు. ఒంటికి సర్దుకునే టైమే ఇవ్వలేదు.

రాత్రి ఊపిరి సంగతి. మనం ఊపిరి తీసుకోవాలా వద్దా అని మెదడు అడుగున ఉండే మెదడు కాండం (బ్రెయిన్‌స్టెమ్) మామూలుగా ఆక్సిజన్‌ను చూసి నిర్ణయించదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో చూసి నిర్ణయిస్తుంది. ఎత్తులో ఆక్సిజన్ తగ్గగానే మెడ దగ్గర రక్తనాళాల్లో ఉండే చిన్న సెన్సార్లు గోల చేస్తాయి, మీరు గబగబా పీలుస్తారు. గబగబా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ బయటికి కొట్టుకుపోతుంది. అది ఒక గీత కిందికి పోగానే మెదడు కాండం "ఇప్పుడు ఊపిరి అవసరం లేదు" అని ఆపేస్తుంది. మెలకువగా ఉంటే ఇది అంతగా తెలియదు, నిద్రలో పూర్తిగా దాని రాజ్యమే. ఆపిన పది పదిహేను సెకన్లలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, మళ్లీ సెన్సార్లు అరుస్తాయి, మీరు ఉలిక్కిపడి లేస్తారు, మళ్లీ గబగబా. మీ దోస్తు లెక్కపెట్టిన పన్నెండు ఇదే. దీన్ని పీరియాడిక్ బ్రీతింగ్ అంటారు. ఇటలీలో ఏంజెలో మోసో అనే ఆయన 1890ల్లోనే మోంటే రోసా కొండ మీద 4,559 మీటర్ల ఎత్తున ఉన్న గుడిసెలో పడుకున్నవాళ్ల ఛాతీ కదలికలను గీతలుగా గీసి చూపించాడు. ఆ గీతలూ మీ దోస్తు రికార్డింగూ పక్కపక్కన పెడితే ఒకేలా ఉంటాయి. ఇది జబ్బు కాదు, ఆ ఎత్తులో దాదాపు అందరికీ ఎంతో కొంత వస్తుంది, మగవాళ్లలో ఎక్కువ. లేహ్ ఎత్తులో కొన్ని రాత్రుల్లో తగ్గిపోతుంది, ఇంకా పైకి పోయి పడుకుంటే అంత తొందరగా వదలదు.

ఇంకో మాట. మౌంటెన్ సిక్‌నెస్‌కి, అంటే ఎత్తుకు పోతే వచ్చే జబ్బుకి, డాక్టర్లు వాడే లేక్ లూయిస్ స్కోరు అని ఒకటి ఉంది. తలనొప్పి, వికారం, అలసట, తల తిరగడం వీటికి మార్కులు. మొదట్లో "నిద్ర సరిగా పట్టలేదు"కి కూడా మార్కులుండేవి, 2018లో దాన్ని తీసేశారు. ఎందుకంటే ఎత్తులో నిద్ర చెడటం మిగతా లక్షణాలతో జత కుదరడం లేదు, బాగా ఉన్నవాడికీ చెడుతోంది. కాబట్టి మీకు వచ్చిన జబ్బు ఆ తలనొప్పీ, అన్నం సయించకపోవడమూ. అవి స్తూపం మెట్ల పుణ్యం.

మామ సంగతి మజా. ఫిట్‌నెస్‌కీ మౌంటెన్ సిక్‌నెస్‌కీ సంబంధం లేదు, ఇది నిజంగా లేదు. ఎవరి సెన్సార్లు ఎంత గట్టిగా అరుస్తాయన్నది పుట్టుకతో వస్తుంది చాలావరకు. కానీ ఆయన 91ని చూసి మోసపోకండి. బీడీ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, అది రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటే వేలికి పెట్టే ఆక్సిమీటర్ దాన్ని కూడా ఆక్సిజన్ అనుకుని కలిపి చూపిస్తుంది. తేడా చెప్పగలిగే తెలివి ఆ మిషన్‌కు లేదు. అంటే మామ అసలు నంబర్ 91 కంటే తక్కువే ఉండి ఉంటుంది. ఆయన మొదటిరోజు ఏం చేశాడో ఒకసారి కనుక్కోండి, నాకు అనుమానంగా ఉంది.

—

పాలమూరు_పీజీ (మహబూబ్‌నగర్)

కర్పూరం అన్నా, కోపగించుకోకండి. కర్పూరం వాసనకు ముక్కులో చల్లగా తగిలి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఒక్క పాయింటు పెరగదు. వెల్లుల్లి తింటే పక్కవాడికి నిద్ర పట్టదు, అంతే. పెగ్గు మాత్రం నిజంగా ప్రమాదం. మందైనా, మామూలు నిద్రమాత్రలైనా ఊపిరి తీయించే కేంద్రాన్ని జోకొడతాయి. అసలే ఆగి ఆగి నడుస్తున్న ఊపిరి ఇంకా ఎక్కువ సేపు ఆగుతుంది.

మన పాలమూరు, నల్లగొండ వైపు వాళ్లకు దీనికి తోడు ఇంకో గొడవ ఉంది, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్, అంటే నిద్రమాత్రల సరుకే. రోజూ తాగేవాళ్లకు రెండు రోజులు దొరక్కపోతే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఏదేదో మాట్లాడటం, ఒక్కోసారి ఫిట్స్. మా వార్డుకు ఇలాంటి కేసులు వస్తాయి, చూశా. ఇప్పుడు అలాంటి పెద్దాయన్ని ఎవరో బస్సెక్కించి యాత్రకు తీసుకుపోయారనుకోండి. మూడో రోజు మంచు కొండ మీద ఆయన అడుగు తడబడుతోంది, మాట తేడాగా ఉంది. మెదడులో వాపా, కల్లు దొరక్క వచ్చిందా? అక్కడ డాక్టర్‌కి కూడా తెలియదు, ఇంట్లోవాళ్లు సిగ్గుపడి చెప్పరు. చెప్పండి. దాచకండి.

—

మాజీ_హవల్దార్ (దేవరకొండ)

తమ్మీ, నీ పోస్టు చదివి నవ్వొచ్చింది, బాధా వేసింది. నేను ఫౌజులో పంతొమ్మిదేళ్లు చేశా, అందులో రెండు టర్న్‌లు లద్దాఖ్‌లోనే. మా దగ్గర ఒక మాట ఉండేది: కొత్త బ్యాచ్ దిగితే ముందు పహిల్వాన్ల మీద కన్నేసి ఉంచమని. బక్కోడు నీరసంగా మంచం మీద పడుకుంటాడు, వాడికేం కాదు. కండలోడు మొదటిరోజే వాలీబాల్ ఆడతాడు, రెండో రోజు ఎంఐ రూములో, అంటే ఫౌజు వైద్యం గదిలో ఉంటాడు.

ఫౌజులో లెక్క ఇలా. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు ఆగాలి. మొదటి రెండు రోజులు పూర్తిగా ఆరాం, కాలకృత్యాలకు తప్ప తిరగొద్దు. మూడు నాలుగు రోజులు మెల్లగా నడక, ఐదు ఆరు రోజుల్లో కొంచెం దూరం, కొంచెం ఎక్కుడు. దాని పైన 15,000 దాకా పోవాలంటే మళ్లీ నాలుగు రోజులు, ఆ పైకి ఇంకో నాలుగు. జనరల్ సాబ్ అయినా ఇదే. లీవు మీద ఇంటికొచ్చి నెల ఉండి పోతే మళ్లీ మొదటి నుంచి. ఎందుకింత కచ్చితం అంటే 1962 చైనా యుద్ధంలో చలికీ ఎత్తుకీ అలవాటు లేని జవాన్లను మైదానాల్లోంచి గబగబా పైకి పంపారు, ఆ అనుభవం ఊరికే పోలేదు. తర్వాత మన ఫౌజు డాక్టర్లే 1,925 మంది జవాన్ల మీద రాసిన రిపోర్టు 1969లో అమెరికా వాళ్ల పెద్ద వైద్య పత్రికలో వచ్చింది, ఇంద్ర సింగ్ గారి టీమ్ రాసింది. ప్రపంచం అంతా దాన్నే చదివింది. మా మెడికల్ ఆఫీసర్ ప్రతి కొత్త బ్యాచ్‌కి ఇది గర్వంగా చెప్పేవాడు.

మెదడు గురించి అడిగావు. ఒకటి చెప్తా. మా పోస్టులో ఒక కుర్రాడు, మంచి చురుకైనోడు, ఒక పొద్దున బూట్లు తొడుక్కుంటున్నాడు. నేను చాయ్ మగ్గు పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నా. ఎడమ బూటు కుడికాలికి తొడగడానికి చూస్తున్నాడు. కాదని తీసేశాడు, అదే బూటు మళ్లీ అదే కాలికి. మూడోసారి కూడా. ముఖంలో కంగారు లేదు, చిరాకు లేదు, ఏదో శ్రద్ధగా పని చేస్తున్నట్టే ఉన్నాడు. "క్యా హువా" అంటే "కుచ్ నహీ, ఠీక్ హూఁ సాబ్" అన్నాడు. లేపి, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడువమన్నా. మూడో అడుగుకు పక్కకు ఒరిగాడు. అంతే, ఆక్సిజన్ పెట్టి, సూది వేసి, గంటలో కిందికి దింపేశాం. వాడు బతికాడు, తర్వాత నాకు పెళ్లికార్డు కూడా పంపాడు. నీ ఆమ్లెట్ లెక్క ఆ బూటు దాకా పోలేదు కాబట్టి భయపడకు, కానీ దారి మాత్రం అదే దారి.

గుర్తుపెట్టుకో తమ్మీ: గీత మీద నడవలేకపోయినా, మనిషి తేడాగా మాట్లాడినా మెదడులో వాపు. కూర్చున్నా ఆయాసం, పొడి దగ్గు, తర్వాత గులాబీ రంగు నురగ కళ్లె పడితే ఊపిరితిత్తుల్లో నీరు. రెండింటికీ మందు ఒకటే, కిందికి దింపుడు. పొద్దున దింపుదాం అనొద్దు, రాత్రి అయినా దింపాలి. మిగతావన్నీ, మెదడు వాపు తగ్గించే డెక్సా (డెక్సామెథసోన్) సూది గానీ సిలిండర్ గానీ, దింపేదాకా ఊపిరి నిలబెట్టేవి.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకునేవాళ్లకు కూడా ఒక నమస్కారం. అది ఎత్తు కాదు, పొగ చంపుతుంది.

—

పానగల్_రన్నర్ (నల్లగొండ)

కాకా, బూట్ల సంగతి చదివి కాళ్లు చల్లబడ్డాయి. నాకూ అప్పుడు "నేను బానే ఉన్నా" అనే అనిపించింది, చాయ్ కొట్టాయనే లెక్క తప్పు చెప్తున్నాడనుకున్నా. పీజీ గారూ, ఇది పూర్తిగా పోతుందా?

—

పాలమూరు_పీజీ (మహబూబ్‌నగర్)

పోతుంది. లేహ్ ఎత్తులో వారం ఉన్నందుకు శాశ్వతంగా ఏమీ మిగలదు. 8,000 మీటర్ల పైన సిలిండర్ లేకుండా మళ్లీ మళ్లీ తిరిగినవాళ్ల సంగతి వేరు, వాళ్ల స్కాన్‌లలో మార్పులు కనిపించిన సందర్భాలున్నాయి.

మెదడు బరువు ఒంట్లో 2 శాతమే, ఆక్సిజన్ మాత్రం 20 శాతం తింటుంది. సరఫరా తగ్గగానే ముందు కోత పడేది కొత్త పనులకు, రెండు మూడు మెట్లున్న లెక్కలకు, ఇప్పుడే విన్నది గుర్తుపెట్టుకోవడానికి. అలవాటైన పని చాలాసేపు బండి లాగుతుంది. మీ పిన్ కూడా పోయిందంటే దానికి ఆ రాత్రి నిద్ర లేమి తోడైంది, నిద్ర లేకపోతే నల్లగొండలో కూర్చున్నా లెక్క తప్పుతుంది. రాత్రి చూపు అయితే ఇంకా ముందే, అయిదారు వేల అడుగుల నుంచే మందగించడం మొదలవుతుంది, అందుకే పైలట్లకు ఇది పాఠంగా చెప్తారు.

హవల్దార్ గారు చెప్పిన "ఠీక్ హూఁ" ఉంది చూశారా, అసలు ప్రమాదం అక్కడే. తూకం వేసే కాటాలోనే తేడా వచ్చాక బరువు సరిగా ఉందా అని ఆ కాటానే ఎలా అడుగుతాం? బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో పైలట్లకు ఒత్తిడి తగ్గించే గదిలో దీన్ని ఒంటితో అనుభవించి తెలుసుకునే శిక్షణ ఇస్తారు. ఇలాంటి గదుల్లో కాగితం మీద ఏదో రాయమంటే అక్షరాలు కోడిగీతలైపోతుంటాయి, రాసేవాడు మాత్రం ఉత్సాహంగా ఉంటాడు. 1933లో ఫ్రాంక్ స్మైత్ అనే బ్రిటిష్ ఆయన ఎవరెస్ట్ మీద ఒంటరిగా పైకి పోతూ, పక్కన ఎవరో ఉన్నారన్న నమ్మకంతో మింట్ కేక్ (పుదీనా మిఠాయి) విరిచి సగం ఇవ్వబోయాడు. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

అందుకే ఒక్కరే పోవద్దు. పక్కవాడు మీకు అద్దం.

—

కోచ్_వనపర్తి

ఉరుకుడు గురించి నేను చెప్తా. మా దగ్గర పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకడన్నా అడుగుతాడు, "మేడం, పది రోజులు ఊటీ పోయి ఉరికొస్తే 1600 మీటర్లు తగ్గుతుందా" అని. తగ్గేది జేబులో డబ్బులు.

1,500 మీటర్ల పైన ప్రతి 100 మీటర్లకు ఒంటి గరిష్ఠ ఆక్సిజన్ వాడకం సుమారు 1 శాతం పడిపోతుందని మోటు లెక్క. లేహ్‌కి అది ఇరవై శాతం. బాగా ట్రెయిన్ అయినవాళ్లకు ఇంకా తక్కువ ఎత్తు నుంచే మొదలవుతుంది, ఎందుకంటే వాళ్ల గుండె రక్తాన్ని అంత వేగంగా తోస్తుంది, ఊపిరితిత్తుల దగ్గర ఆ రక్తం ఆక్సిజన్ నింపుకునే టైము ఉండదు. కాబట్టి మీరు మామకంటే ఎక్కువ పోగొట్టుకున్నారు, పోగొట్టుకోవడానికి మీ దగ్గర ఎక్కువ ఉంది కాబట్టి. గల్లా దగ్గర కూర్చునే మనిషికి ఇరవై శాతం పోయినా గల్లా దగ్గర కూర్చోవడానికి సరిపోతుంది కదా.

ఎత్తులో ఏం జరుగుతుందో చూడాలంటే 1968 మెక్సికో ఒలింపిక్స్ చూడండి. ఆ నగరం 2,240 మీటర్లు, మన ఊటీ ఎత్తే. గాలి పలచన కాబట్టి చిన్న పరుగులకు, దూకుళ్లకు పండగ. బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు, అంతకుముందు రికార్డు 8.35. అదే చోట 10,000 మీటర్లు గెలిచిన కెన్యా ఆయన నఫ్తాలి టెమూకి 29 నిమిషాల 27 సెకన్లు పట్టింది. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39 సెకన్లు, అది పెట్టిన ఆస్ట్రేలియా రాన్ క్లార్క్ ఆ రేసులోనే ఆరో స్థానంలో వచ్చి ట్రాక్ మీద కూలిపోయాడు. టెమూ పుట్టి పెరిగిందే ఎత్తులో.

రక్తం పెరగలేదేంటన్నారు. ఎర్ర కణాలు పెంచమని కిడ్నీ పంపే ఎరిత్రోపోయెటిన్ కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, నిజమే, కానీ కణాలు తయారై లెక్కలోకి రావాలంటే మూడు నాలుగు వారాలు. మొదటి వారంలో టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది, అది రక్తంలో నీళ్లు తగ్గి చిక్కబడటం. చారు మరిగితే ఉప్పగా అయినట్టు, ఉప్పు పెరగలేదు. మీరు ఆరు రోజులుండి, నిద్ర లేక, ఒక్కసారి రెండు కిలోమీటర్లు ఉరికి వచ్చారు. పెద్ద అథ్లెట్లు చేసేది వేరు: 2,000 నుంచి 2,500 మీటర్ల మధ్య నాలుగు వారాలు పడుకుంటారు, గట్టి ప్రాక్టీస్‌కి కిందికి దిగుతారు. 1997లో అమెరికాలో లెవీన్, స్ట్రే గండర్సన్ చూపించిన పద్ధతి ఇది. అంత చేసినా 5,000 మీటర్లలో లాభం ఒక శాతం చిల్లర. మెడల్‌కి అది చాలా పెద్దది. 2022 పోలీస్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లకు ఇచ్చిన టైము 7 నిమిషాల 15 సెకన్లు, దానికి ఒక శాతం అంటే నాలుగు సెకన్లు. వనపర్తి గ్రౌండులో నెల రోజులు సక్రమంగా తెల్లవారుజామున లేస్తే నలభై సెకన్లు తగ్గుతాయి, నేను రాసిస్తా.

ఒకటి మాత్రం గర్వంగా చెప్పాలి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ రాళ్లెక్కడం నేర్చుకుంది మన భువనగిరి గుట్ట మీదే. పూర్ణకు అప్పటికి 14 కూడా నిండలేదు. కానీ భువనగిరి వేళ్ల పట్టు నేర్పుతుంది, పలచటి గాలి నేర్పలేదు. అందుకే వాళ్లను డార్జిలింగ్, లద్దాఖ్ మెట్టుమెట్టుగా తిప్పారు. తిన్నగా విమానమెక్కించి స్తూపం మెట్లు ఎక్కించలేదు.

—

పానగల్_రన్నర్ (నల్లగొండ)

మేడం, స్తూపం నన్ను ఈ జన్మలో వదలదనుకుంటా 🙏

సరే, అమ్మ సంగతి చెప్పండి. కేదార్‌నాథ్ లేహ్ అంత ఎత్తుండదు కదా అని ధైర్యంగా ఉన్నా. అమ్మకు బీపీ మాత్ర ఉంది, మొన్న టెస్టులో హిమోగ్లోబిన్ 9.2.

—

పాలమూరు_పీజీ (మహబూబ్‌నగర్)

అన్నా, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. లేహ్ కంటే కొంచెం ఎక్కువే. మంచు కొండ అంటే లద్దాఖే అని, గుడి అంటే గుడే కదా అని మనవాళ్లు ఎత్తు చూడరు. గౌరీకుండ్ 2,000 మీటర్ల లోపు, అక్కడి నుంచి ఒక్క పగటిలో పదహారు వందల మీటర్లు పైకి. గాలి ఒత్తిడి తగ్గడం ఒక దెబ్బ, మోసుకుపోయే హిమోగ్లోబిన్ 9 ఉండటం రెండో దెబ్బ. నల్లా సన్నబడిందన్నాం కదా, ఇక్కడ బిందెలు కూడా తక్కువ.

మూడు నెలలుంది, చాలా టైము. ముందు రక్తం ఎందుకు తగ్గిందో డాక్టర్‌ని చూడమనండి, ఐరన్ లోపమే అయితే మాత్రలు మొదలుపెట్టి ఆరేడు వారాలకు మళ్లీ టెస్టు. బీపీ మాత్ర ఆపొద్దు, యాత్రలో మర్చిపోవద్దు. దారిలో గుప్తకాశీ దగ్గర ఒక రాత్రి, సోన్‌ప్రయాగ లేదా గౌరీకుండ్‌లో ఇంకో రాత్రి పడుకుని పైకి పోండి. శరీరం లెక్క పెట్టేది పగలు ఎంత ఎత్తు తిరిగామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తున పడుకున్నామన్నది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచొద్దని కొండల డాక్టర్లు చెప్పే సూత్రం. కేదార్‌నాథ్‌లో అది కుదరదు, అందుకే హెలికాప్టర్‌లో పోతే దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోవడం మంచిది. నడిచో గుర్రం మీదో పోయి పైన ఒక రాత్రి ఉండాల్సి వస్తే తేలికగా తిని, తల కొంచెం ఎత్తులో పెట్టి పడుకోమనండి.

డయామాక్స్ అని అందరూ చెప్తారు, అసిటజోలమైడ్. మామూలుగా 125 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, ఎక్కే ముందురోజు నుంచి. అది కిడ్నీల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపి రక్తాన్ని కొంచెం పులుపు చేస్తుంది, అప్పుడు మెదడు కాండం "ఊపిరి ఆపుదాం" అనే గీత దాకా పోదు. మీ పన్నెండు లెక్కలు తగ్గేవి. వేళ్లు జివ్వుమంటాయి, ఒంటికి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంది, కూల్‌డ్రింక్ చప్పగా ఉంటుంది. సల్ఫా మందు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీకి నీటి మాత్ర (ఒంటికి ఎక్కువ పోయించేది) వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మింగొద్దు. అమ్మ చీటీ తీసుకుని మీ డాక్టర్ దగ్గరికే పోండి, నా పోస్టు చూపించి మెడికల్ షాపులో కొనొద్దు.

మామని అడిగారా?

—

పానగల్_రన్నర్ (నల్లగొండ)

అడిగా. ఇప్పుడే దుకాణం దగ్గర నుంచే రాస్తున్నా.

మొదటిరోజు మామ శాంతి స్తూపం ఎక్కనేలేదు. మేం పోయాక హోటల్ వాళ్లను వేడినీళ్లు అడిగి, కంబళి కప్పుకుని, సాయంత్రం దాకా పడుకున్నాడట. రెండో రోజు కూడా మార్కెట్‌కి వస్తానని చెప్పి కిటికీ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ కొండలు చూశాడట. "తల కొంచెం పట్టేసినట్టుండె, మీకు చెప్తే ఎగతాళి చేస్తరని చెప్పలే" అన్నాడు. రాత్రి నాలుగుసార్లు ఒంటికి లేచాడట, ఊపిరి ఆగినట్టు ఆయనకూ రెండుసార్లు అనిపించిందట, "బీడీలకు అనుకున్న" అన్నాడు.

హవల్దార్ కాక చెప్పిన ఆరాం రెండు రోజులు, ఎవరూ చెప్పకుండానే పూర్తిచేశాడు.

అమ్మకు రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మామ కేదార్‌నాథ్‌కీ వస్తానంటున్నాడు, కాకపోతే గుర్రం ఖర్చు నాదేనట.

—

మాజీ_హవల్దార్ (దేవరకొండ)

గుర్రం మాట్లాడియ్యి తమ్మీ. బీడీ కట్ట మాత్రం గౌరీకుండ్‌లోనే గుంజుకో.